ఆదివారం సెలవు తెచ్చిన లోఖండే

ఆదివారం వచ్చిందంటే ఫోరస్ రోడ్ చుట్టుపక్కల తెలుగు చాల్‌లలో సందడే వేరు. కులసంఘం మీటింగు ఆ రోజే, పెళ్లిచూపులు ఆ రోజే, ఊరి నుంచి వచ్చిన చుట్టానికి కోడికూర వండేదీ ఆ రోజే. వారానికి ఒక రోజు మన చేతిలో ఉండటం ఇప్పుడు మనకు మామూలు సంగతి. దొరలు చర్చికి వెళ్లేవాళ్లు గనుక ఆదివారం సెలవు దానంతటదే వచ్చిందని చాలామంది అనుకుంటారు. మిల్లు కార్మికుడికి మాత్రం అలా రాలేదు. ఇదే బొంబాయిలో ఆరేళ్లపాటు అడగ్గా అడగ్గా 1890 జూన్ 10న వచ్చింది. అడిగించిన వాడు నారాయణ్ మేఘాజీ లోఖండే. ఒప్పుకున్నది మిల్లు యజమానుల సంఘం.

ఈ రెండో మాట దగ్గర కాస్త ఆగాలి. లోఖండే దేశంలో తొలి కార్మిక నాయకుల్లో ఒకరని పుస్తకాల్లో ఉంది. 2005లో కేంద్ర ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ల కూడా విడుదల చేసింది. కానీ సేట్లు ఎందుకు దిగివచ్చారు, ఎలా దిగివచ్చారు అన్నది మాత్రం పెద్దగా ఎవరూ చెప్పరు. మనకు కావలసింది ఆ సంగతే. ఎందుకంటే ముంబయిలో మన వాళ్లు ఇవాళ కూలీలుగానే లేరు. మేస్త్రీలున్నారు, కాంట్రాక్టర్లున్నారు, నలుగురికి పని ఇచ్చే చిన్న కార్ఖానాల వాళ్లున్నారు. లోఖండే జీవితం ఈ ఇద్దరికీ సంబంధించిన కథ.

మన వాళ్లు కట్టిన ఊరు

లోఖండే నాటి బొంబాయి ఎలా ఉండేదో ముందు చూద్దాం. 18వ శతాబ్దం చివర్లో హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట వేసి సముద్రపు నీటిని ఆపాక ద్వీపాల మధ్య బురద నేల ఆరి బయటపడింది. ఇలాంటి పల్లపు నేలల మీద కట్టే శిస్తును ఫోరస్ అనేవారు. అది పోర్చుగీసు నుంచి వచ్చిన మాట. ఆ నేలల మీదుగా వేసిన బాట కాబట్టి ఫోరస్ రోడ్ అయింది. నిజాం రాజ్యం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి ఇళ్లు, రోడ్లు కట్టిన తెలుగు కూలీలను ఇక్కడ కామాటీలు అన్నారు. వాళ్లు గుడిసెలు వేసుకున్న చోటు కామాటిపుర అయింది.

ఇంకో పక్క మిల్లులు లేచాయి. కావస్జీ దావర్ 1854లో తొలి నూలు మిల్లుకు పూనుకుంటే, 1856లో తాడ్‌దేవ్‌లో అది నడవడం మొదలైంది. కామాటిపుర నుంచి తాడ్‌దేవ్ ఎంత దూరమో ఇక్కడి వాళ్లకు చెప్పనక్కరలేదు. తర్వాత ముప్ఫై ఏళ్లలో బైకుల్లా, పరేల్, లాల్‌బాగ్ అంతా చిమ్నీలే. కొంకణం నుంచి, సతారా నుంచి, పుణె పల్లెల నుంచి జనం దిగారు. తరువాతి కాలంలో మన పద్మశాలీలు కూడా మగ్గం వదిలి మిల్లు సాంచాల దగ్గర చేరారు.

స్టోర్‌కీపర్ ఉద్యోగం

లోఖండే 1848లో ఠాణాలో పుట్టారు. వాళ్ల సొంతూరు పుణె జిల్లాలోని కన్హేర్‌సర్. పూలు, కూరగాయలు పండించే మాలీ కుటుంబం. ఇంట్లో డబ్బు లేదు. మెట్రిక్ వరకు చదివి ఉద్యోగంలో పడ్డారు. కొన్నాళ్లు రైల్వేలో, కొన్నాళ్లు పోస్టాఫీసులో పని చేసి, ఆ తర్వాత బొంబాయి మాండ్వీలోని ఒక నూలు మిల్లులో స్టోర్‌కీపర్‌గా చేరారు.

ఆ కుర్చీ ఆయనకు చాలా నేర్పింది. స్టోర్‌కీపర్ సాంచా నడిపే కార్మికుడు కాదు, అలాగని సేటూ కాదు. దూది ఎంత వచ్చింది, నూనె ఎంత ఖర్చయింది, ఏ విడిభాగం విరిగింది అన్నీ ఆయన పుస్తకంలో ఉంటాయి. మేనేజరు మాట ఒక చెవిలో, ఖాతా దగ్గరి మాట ఇంకో చెవిలో పడుతుంటాయి. మిల్లు లాభం ఎక్కడ పుడుతుందో, కార్మికుడి వేలు ఎక్కడ తెగుతుందో రెండూ తెలిసిన మనిషి ఆయన. రేపు యజమానులతో మాట్లాడబోయే వాడికి ఇంతకన్నా మంచి బడి ఇంకోటి లేదు.

ఫూలే శిష్యుడు, తెలుగు కాంట్రాక్టర్ల సావాసం

1873 సెప్టెంబర్ 24న జోతిరావు ఫూలే పుణెలో సత్యశోధక సమాజం స్థాపించారు. లోఖండే ఆ మార్గంలోకి వచ్చారు. ఇక్కడే మన వాళ్ల ప్రస్తావన వస్తుంది. బొంబాయిలో సత్యశోధక సమాజానికి అండగా నిలబడిన వాళ్లలో తెలుగు వాళ్లు ముందున్నారు. వెంకు బాళోజీ కాళేవార్, జయా కరాడీ లింగు, రామయ్య వెంకయ్య అయ్యవారు... ఈ పేర్లు ఫూలే చరిత్ర రాసిన ప్రతి వాళ్లూ చెప్పేవే. కూలీలుగా వచ్చిన జాతిలోంచి కట్టడాల కాంట్రాక్టర్లుగా ఎదిగిన తరం అది. సంపాదించిన దాంట్లోంచి సమాజానికి ఖర్చు పెట్టారు, సభలకు చోటిచ్చారు, ఫూలేను నెత్తిన పెట్టుకున్నారు.

ఫూలే కూడా కాంట్రాక్టు పనులు చేసిన మనిషే. పుణె దగ్గర ఖడక్‌వాస్లా ఆనకట్టకు సామాను సరఫరా చేశారు. అంటే లోఖండే పెరిగిన ఉద్యమంలో పని ఇచ్చేవాళ్లు, పని చేసేవాళ్లు ఒకే చాప మీద కూర్చున్నారు. యజమాని అనగానే శత్రువు అన్న లెక్క అక్కడ లేదు. అలాగని యజమాని దయ మీద బతకాలన్న లెక్కా లేదు. మనిషికి మనిషిగా రావలసింది రావాలి, అది అడిగి తీసుకోవాలి అన్నదే ఆ ఉద్యమం నేర్పిన పాఠం.

1877లో కృష్ణారావు భాలేకర్ పుణెలో దీనబంధు అనే మరాఠీ వారపత్రిక మొదలుపెట్టారు. అప్పుల్లో పడి అది ఆగిపోయే పరిస్థితి వస్తే 1880లో లోఖండే దాన్ని బొంబాయికి తెచ్చి సంపాదకత్వం చేపట్టారు. మిల్లులో ఎవరి చెయ్యి పోయింది, ఏ మిల్లులో జీతం ఆపారు, ఎక్కడ జరిమానాలు ఎక్కువ వేస్తున్నారు అన్నవి ఆ పత్రికలో వార్తలయ్యాయి. అంతకుముందు అవి ఎవరికీ వార్తలు కావు.

పొద్దు పొడుపు నుంచి పొద్దు గూకే దాకా

అప్పటి మిల్లులో కరెంటు దీపాలు లేవు. వెలుతురు ఉన్నంతసేపూ సాంచాలు తిరిగేవి. చలికాలం పగలు పొట్టి కాబట్టి పని కొంచెం తక్కువ, ఎండాకాలం పదమూడు గంటలు దాటేది. మధ్యాహ్నం తిండికి ఇంత సమయం అని చాలాచోట్ల కట్టుదిట్టంగా ఉండేది కాదు. జీతం నెల దాటాక, ఒక్కోచోట ఇంకా ఆలస్యంగా చేతికొచ్చేది. అందాకా వాణి దగ్గర అప్పు, వడ్డీ తప్పవు. కార్మికుణ్ని పనిలో పెట్టేదీ తీసేసేదీ జాబర్. వాడికి చేతులు తడపనిదే ఏదీ జరగదు. మన కట్టుబడి పనుల్లో మేస్త్రీలాంటి వాడు, కానీ ఇంకా పెత్తనం ఉన్నవాడు.

వారం సెలవు అనే మాటే లేదు. పెద్ద పండుగలకు మిల్లు మూసేవారు, అంతే. కొన్ని మిల్లుల్లో ఆదివారం సాంచాలు ఆపినా, ఆ పూట మిషన్లు తుడవడానికి కార్మికులే రావాలి. 1881లో తొలి ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. అది వంద మందికి పైగా పనిచేసే చోట్లకే వర్తించింది. ఏడేళ్ల లోపు పిల్లల్ని పెట్టుకోకూడదని, పన్నెండేళ్ల లోపు వాళ్లతో రోజుకు తొమ్మిది గంటలే చేయించాలని అంది. పెద్దల గురించి, ఆడవాళ్ల గురించి పని గంటల మాటే ఎత్తలేదు.

ఆ చట్టం వెనుక ఇంకో గొడవ ఉంది. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ బట్టల మిల్లుల వాళ్లకు బొంబాయి మిల్లులు పోటీగా తయారయ్యాయి. అక్కడి సేట్లు భారత కార్మికుల మీద జాలి చూపిస్తూ ఇక్కడ చట్టాలు తేవాలని పట్టుబట్టారు. అందులో జాలి ఎంతో, వ్యాపారం ఎంతో ఎవరికైనా అర్థమయ్యేదే. దాంతో బొంబాయి యజమానులకు మంచి సాకు దొరికింది. పని గంటలు తగ్గించమని ఎవరడిగినా అది మాంచెస్టర్ కుట్ర అనేవారు. పార్సీ ప్రముఖుడు సొరాబ్జీ షాపుర్జీ బెంగాలీ 1878లోనే తనంతట తాను ఒక ముసాయిదా తయారు చేసి కార్మికులకు రక్షణ కావాలంటే, ఆయన్నీ అదే గాటన కట్టారు.

అయిదు కోరికలు

1884లో బొంబాయి ప్రభుత్వం ఫ్యాక్టరీల సంగతి తేల్చడానికి ఒక కమిషన్ వేసింది. కమిషన్ ముందు యజమానులు మాట్లాడతారు, మేనేజర్లు మాట్లాడతారు, డాక్టర్లు మాట్లాడతారు. కార్మికుల తరఫున మాట్లాడేది ఎవరు? లోఖండే బాంబే మిల్ హ్యాండ్స్ అసోసియేషన్ పేరుతో జనాన్ని కూడగట్టారు. ఆ సెప్టెంబరులో పరేల్ వైపు సభలు జరిపి ఒక మహజరు తయారు చేయించారు. దాని మీద 5,500 మంది సంతకాలు, వేలిముద్రలు పడ్డాయి.

అందులో కోరినవి అయిదే. ఆదివారం పూర్తి సెలవు. మధ్యాహ్నం అరగంట విరామం. పొద్దున ఆరున్నరకు మొదలై పొద్దు గూకే వేళకు పని ముగియడం. జీతం తర్వాతి నెల 15వ తేదీ దాటకుండా ఇవ్వడం. పనిలో దెబ్బ తగిలితే కోలుకునే దాకా పూర్తి జీతం, జన్మంతా అవిటి అయితే బతుకుతెరువుకు ఏర్పాటు.

చూడండి, జీతం పెంచమని అందులో లేదు. మిల్లు మూతపడేంత కోరికా లేదు. ఇవి ఏ యజమాని అయినా మనసుంటే రేపటి నుంచే ఇవ్వగలిగినవి. స్టోర్‌కీపర్‌గా పనిచేసిన మనిషి చేతివాటం అందులో కనిపిస్తుంది. ఏది అడిగితే అవతలివాడు లెక్కలు చూపించి తప్పించుకోలేడో అదే అడిగారు.

ఆదివారమే ఎందుకు అన్నదానికి కూడా ఆయన దగ్గర జవాబుంది. మహారాష్ట్ర బహుజనుల దేవుడు జెజురి ఖండోబా వారం ఆదివారం. మన తెలంగాణలో కొమురవెల్లి మల్లన్నకు జాతర వారం ఏదో తెలిసినవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. ఖండోబా, మల్లన్న ఒక్కరేనని మన పెద్దలు మొక్కుతూనే ఉన్నారు. కాబట్టి అది దొరల సెలవు కాదు, మన దేవుడి వారం అని ఆయన వాదించారు. పరాయి అలవాటు నెత్తిన రుద్దుతున్నారన్న వాదన దాంతో తేలిపోయింది.

ఒక్క సేటు ఇవ్వలేడు

అయినా ఆరేళ్లు పట్టింది. అప్పట్లో యజమానుల తరఫున వినిపించిన వాదన ఏమంటే, కార్మికులకు పండుగ సెలవులు చాలానే ఉన్నాయి, ఊరికి వెళ్లాలనుకుంటే వాళ్లే వెళ్లిపోతారు, ఎక్కువ గంటలు పనిచేసి నాలుగు రూపాయలు సంపాదించాలన్నదే వాళ్ల కోరిక, మధ్యలో నాయకులే వాళ్లను రెచ్చగొడుతున్నారు అని. ఈ మాటలు ఎక్కడో విన్నట్టు లేవూ? నూట ముప్ఫై ఏళ్లు దాటినా అవే మాటలు.

అయితే ఇందులో ఒక నిజమైన చిక్కు కూడా ఉంది. ఒక మిల్లు సేటు మంచివాడై ఆదివారం సెలవు ఇచ్చాడనుకుందాం. పక్క మిల్లు ఏడు రోజులూ నడుస్తుంది. వాడి నూలు ముందు బజారుకు చేరుతుంది. మంచివాడు నష్టపోతాడు. అందుకని ఏ ఒక్కరూ ముందడుగు వేయరు. ఇది దుర్మార్గం సంగతి కాదు, పోటీ సంగతి. అందరూ ఒకేసారి ఇస్తే ఎవరికీ నష్టం లేదు. కానీ అందర్నీ ఒకేసారి ఒప్పించేది ఎవరు?

దానికి జవాబు యజమానుల దగ్గరే ఉంది. 1875లోనే వాళ్లు బాంబే మిల్‌ఓనర్స్ అసోసియేషన్ పెట్టుకున్నారు. పన్నుల మీద, దిగుమతి సుంకాల మీద, ఫ్యాక్టరీ చట్టాల మీద సర్కారుతో ఒక్క గొంతుతో మాట్లాడటానికి పెట్టుకున్న సంఘం అది. కార్మికుల కోసం పెట్టింది కాదు. కానీ సర్కారుతో మాట్లాడటానికి పనికొచ్చిన ఆ ఒక్క గొంతే కార్మికులకు మాట ఇవ్వడానికీ పనికొస్తుందని లోఖండే పట్టుకున్నారు. మిల్లు మిల్లుకూ తిరిగి ఒక్కొక్క మేనేజర్ని బతిమాలితే లాభం లేదు, సంఘాన్నే అడగాలి.

1889లో కార్మికుల మహజరు మరోసారి సర్కారుకు వెళ్లింది. 1890 ఏప్రిల్ 24న మహాలక్ష్మి రేసుకోర్సు దగ్గర మైదానంలో సభ పెట్టారు. కామాటిపుర నుంచి నడిచి వెళ్లేంత దూరమే. దాదాపు పదివేల మంది వచ్చారు. ఇద్దరు ఆడ కార్మికులు లేచి మాట్లాడారు. ఆ రోజుల్లో ఆడవాళ్లు సభలో మాట్లాడటం ఎంత పెద్ద సంగతో ఊహించుకోవచ్చు. ఆదివారం సెలవు కోరుతూ అక్కడి నుంచి యజమానుల సంఘానికే విజ్ఞప్తి వెళ్లింది.

1890 జూన్ 10న మిల్లు యజమానుల సంఘం వారానికో సెలవుకు ఒప్పుకుంది. రాళ్లు పడలేదు, తలుపులు పగల్లేదు. అప్పటికింకా చట్టం కూడా రాలేదు.

ఎందుకు ఒప్పుకున్నారు?

సేట్లకు రాత్రికి రాత్రి మనసు కరిగిందని ఎవరూ అనరు. ఎటు చూసినా ఒత్తిడి ఉంది. లండన్‌లో మాంచెస్టర్ వాళ్లు ఊరుకోవడం లేదు. ఇక్కడ 1890లో ఇంకో ఫ్యాక్టరీ కమిషన్ కూర్చుంది. దాని బొంబాయి విచారణలో లోఖండే కూడా పాలుపంచుకున్నారు. ఎలాగూ చట్టం వస్తుందని తెలిసిపోయింది. బయటివాడు చట్టం చేసి నెత్తిన పెట్టేకన్నా మన కార్మికులతో మనమే మాట్లాడుకుని ఇచ్చామనిపించుకోవడం మేలు. పదివేల మంది గొడవ లేకుండా కూర్చుని అడిగారంటే, రేపు గొడవగా అడిగే రోజు కూడా రావచ్చు. ఈ లెక్కలన్నీ కలిసి ఆ తీర్మానం అయింది.

మరుసటి ఏడు 1891 ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. యాభై మంది పనిచేసే చోట్లకు కూడా వర్తించింది. తొమ్మిదేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదంది. ఆడవాళ్లకు పదకొండు గంటలే పని అంది. అందరికీ వారానికో సెలవు, పని మధ్యలో విరామం రాసింది. మగవాళ్ల పని గంటలు మాత్రం 1911 దాకా అలాగే ఉన్నాయి. సెలవు సంగతిలో చట్టం ముందు రాలేదు, మాట ముందు వచ్చింది, చట్టం దాని వెనక నడిచింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ పరిశ్రమల్లో వారం సెలవు మీద ఒడంబడిక చేసింది 1921లో. బొంబాయి మిల్లులు దానికి ముప్ఫై ఒక్క ఏళ్ల ముందున్నాయన్నమాట.

లోటు ఎక్కడుంది

లోఖండే పనిలో లోటు లేదని కాదు. ఆయన సంఘానికి సభ్యత్వం లేదు, చందా లేదు, నిధి లేదు, రాసుకున్న నియమాలు లేవు. ఆయనే అధ్యక్షుడు, ఆయనే అన్నీ. అందుకే దాన్ని కార్మిక సంఘం అనాలా వద్దా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. యజమానుల వైపు పక్కా సంఘం ఉంది, కార్మికుల వైపు ఒక మంచి మనిషి ఉన్నాడు. ఇలాంటి బేరంలో యజమాని వినాలనుకున్నప్పుడు వింటాడు, వద్దనుకుంటే తలుపేస్తాడు. జీతాల మాట, దెబ్బ తగిలిన వాడికి పరిహారం మాట అలాగే ఉండిపోయాయి. మిల్లుల్లోకి కరెంటు దీపాలు వచ్చాక 1905 ప్రాంతంలో పని గంటలు మళ్లీ పెరిగాయి. అడ్డుకోవడానికి అప్పుడు లోఖండే లేరు.

యజమానులు మాట్లాడకుండా కోర్టుకెళ్తే ఏమవుతుందో మద్రాసు చూపించింది. అక్కడ 1918 ఏప్రిల్‌లో మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. పద్ధతిగా సభ్యత్వం, చందా ఉన్న తొలి కార్మిక సంఘంగా దాన్నే చెబుతారు. బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లులు నడిపే బిన్నీ కంపెనీ ఆ సంఘం నాయకుల మీద కోర్టుకెళ్లి నిషేధపు ఉత్తర్వులు, నష్టపరిహారం తెచ్చుకుంది. కేసు గెలిచింది. కానీ ఆ గొడవతోనే దేశమంతా కార్మిక సంఘాలకు రక్షణ కావాలన్న డిమాండు లేచి 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. మాటతో తేలేదాన్ని కోర్టుకెక్కించి, చివరికి చట్టాన్నే తెచ్చుకున్నట్టయింది.

మంగళ్ల సభ నుంచి మహమ్మారి దాకా

లోఖండే మిల్లుల దగ్గరే ఆగలేదు. 1888 మే 11న బొంబాయి మాండ్వీలో జరిగిన సభలో ఫూలేకు మహాత్మ బిరుదు ఇచ్చారు. ఆ సభ వెనుక ఆయన శ్రమ ఉంది. 1890లో బొంబాయి మంగళ్లను కూడగట్టి, భర్త పోయిన ఆడవాళ్లకు గుండు గీయబోమని అనిపించారు. ఆ ఘోరం కత్తి పట్టే చెయ్యి లేనిదే జరగదు. ఆ చేతినే ఆపమన్నారు. 1893లో బొంబాయిలో హిందూ ముస్లిం అల్లర్లు జరిగినప్పుడు మిల్లు పేటల్లో జనాన్ని శాంతింపజేశారు. 1895లో సర్కారు రావ్ బహదూర్ బిరుదిచ్చింది.

1896లో బొంబాయికి ప్లేగు వచ్చింది. ఇరుకు చాల్‌లలో జనం రాలిపోతుంటే, బతికినవాళ్లు ఊళ్లకు పరుగెత్తారు. లోఖండే పరుగెత్తలేదు. రోగుల కోసం ఆసుపత్రి ఏర్పాటు చేసి వాళ్ల మధ్యే తిరిగారు. ఆ జబ్బే ఆయన్ను పట్టుకుంది. 1897 ఫిబ్రవరి 9న కన్నుమూశారు. యాభై ఏళ్లు కూడా నిండలేదు. నెల తిరగ్గానే, మార్చి 10న, పుణెలో సావిత్రీబాయి ఫూలే కూడా ప్లేగు రోగులకు సేవ చేస్తూనే పోయారు.

ఆ తర్వాత

లోఖండే తర్వాత ఈ నేల మీద చాలా జరిగింది. 1928లో మిల్లు కార్మికులు ఆరు నెలలు సమ్మె చేశారు. ఆనాటి నాయకుల్లో ఆర్.ఎస్. నిమ్కర్ ఒకరు. ఫోరస్ రోడ్‌కు ఇప్పుడు ఆర్.ఎస్. నిమ్కర్ మార్గ్ అని పేరు. రోజూ ఆ బోర్డు కింద నుంచి నడిచే మనలో ఎంతమంది చదివారో మరి. 1942లో వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూస్తున్న అంబేడ్కర్ కాలంలో సర్కారు, యజమానులు, కార్మికులు ముగ్గురూ కూర్చునే సదస్సు ఢిల్లీలో మొదలైంది. పరేల్ చాల్‌లో ఏళ్ల తరబడి కాపురమున్న మనిషి ఆయన. మిల్లు బతుకు ఆయనకు ఒకరు చెబితే తెలిసింది కాదు.

1982 జనవరి 18న దత్తా సామంత్ పిలుపుతో దాదాపు రెండున్నర లక్షల మంది సమ్మెకు దిగారు. 1946 నాటి బొంబాయి చట్టం ప్రకారం గుర్తింపు ఉన్న ఒక్క సంఘంతోనే మాట్లాడతామని యజమానులు భీష్మించుకున్నారు. జనం ఉన్న సంఘానికి గుర్తింపు లేదు, గుర్తింపు ఉన్న సంఘం వెనుక జనం లేరు. ఆ సమ్మెను ముగించిన ఒప్పందమే లేదు. మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, ఆ నేలల మీద మాల్స్, టవర్లు లేచాయి. పరేల్, వర్లీ చాల్‌లలో మన కుటుంబాలు ఎన్ని ఊళ్లకు వెనక్కి వెళ్లాయో, ఎన్ని భివండీ మరమగ్గాల దారి పట్టాయో ఆ పేటల్లో పెద్దల్ని అడిగితే చెబుతారు. 1890లో ఒక తీర్మానంతో తేలిన ఊళ్లోనే 1982లో మాట్లాడుకోలేకపోయినందుకు కట్టిన ధర అది.

ఇప్పుడు మన పని

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1999లో గౌరవప్రదమైన పని అనే మాట తెచ్చింది. పని దొరకాలి, హక్కులు ఉండాలి, జబ్బుకు ముసలితనానికి భద్రత ఉండాలి, ఇరుపక్షాలూ కూర్చుని మాట్లాడుకోవాలి. నాలుగూ కలిస్తేనే గౌరవం. లోఖండే అయిదు కోరికల పక్కన ఈ నాలుగు పెట్టి చూడండి. పెద్ద తేడా ఉండదు.

మన దేశంలో నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి. మంచిచెడుల మీద వాదన నడుస్తోంది. యజమానులు, కార్మికులు, సర్కారు కూర్చునే భారత కార్మిక సదస్సు మాత్రం 2015లో 46వ సారి జరిగాక ఏళ్ల తరబడి మళ్లీ జరగలేదు. పై బల్ల ఖాళీగా ఉన్నప్పుడు కింది బల్లల మీద బరువు ఎక్కువ పడుతుంది.

ఆ కింది బల్లల దగ్గర ఉన్నది మనమే. మిల్లు సేటు కనిపించేవాడు, అతనికి సంఘం ఉండేది. ఇవాళ పని ఇచ్చేవాడు ఎవరు? అయిదుగురితో సంచులు కుట్టించే కార్ఖానా వాడు, ఇరవై మందిని సైటుకు తోలుకుపోయే మేస్త్రీ, ఎనిమిది సాంచాలున్న భివండీ సేటు. వీళ్లలో మన తెలుగు వాళ్లూ ఉన్నారు. నేనొక్కణ్నే ఆదివారం ఇస్తే పక్కవాడు ఆర్డరు పట్టుకుపోతాడని వీళ్లంటారు. అబద్ధం కాదు. 1890లో పెద్ద పెద్ద మిల్లుల వాళ్ల చిక్కూ ఇదే. అది విడిపోయింది వాళ్లకు సంఘం ఉన్నందువల్ల. ఒకే పని చేయించే యజమానులంతా ఒక సంఘంగా కూర్చుని వారం సెలవు, జీతం తేదీ, దెబ్బ తగిలితే ఖర్చు ఈ మూడూ అందరికీ ఒకటే అని రాసుకుంటే ఏ ఒక్కడి ఆర్డరూ పోదు.

సిరిసిల్లలో మరమగ్గాల యజమానులు, ఆసాములు, కార్మికులు కూర్చుని కూలి ఒప్పందాలు రాసుకోవడం మనకు తెలిసిందే. గొడవలూ జరుగుతాయి, సమ్మెలూ జరుగుతాయి. అయినా మాట్లాడటానికి అవతల ఒక సంఘం ఉంటుంది. ముంబయిలో మన మేస్త్రీలకు, చిన్న కాంట్రాక్టర్లకు అలాంటిది ఎన్నిచోట్ల ఉంది? కులసంఘాలు ఉన్నాయి, పెళ్లిళ్లకు, గుళ్లకు చందాలు పడతాయి. అదే కులసంఘంలో పని ఇచ్చేవాడూ పని చేసేవాడూ పక్కపక్కనే కూర్చుంటారు. కానీ అక్కడ కూలి మాట ఎవరూ ఎత్తరు. ఎత్తితే మర్యాద కాదనుకుంటారు. కాళేవార్, లింగు లాంటి వాళ్లు అలా అనుకోలేదు. పని ఇచ్చే స్థాయికి ఎదిగాక కూడా శ్రమ చేసేవాళ్ల ఉద్యమానికి జేబులోంచి తీసి ఇచ్చారు.

పరేల్‌లో మహారాష్ట్ర ప్రభుత్వ కార్మిక అధ్యయన సంస్థ లోఖండే పేరుతోనే ఉంది. కార్మిక చట్టాలు చదువుకునే పిల్లలు అక్కడికి వస్తారు. పని ఇచ్చే మన వాళ్లూ ఒకసారి అటు వెళ్లి ఆ పేరు చూసి రావచ్చు. ఆయన అడిగిన అయిదింటిలో తమ పనివాళ్లకు ఎన్ని ఇస్తున్నారో లెక్క చూసుకోవడానికి అయిదు వేళ్లు చాలు.